చక్రం కొనేముందు సుద్దపొడి చల్లి చూడండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో బైకుల మీద వచ్చిన వ్యాసం మా కొట్టులో అందరం చదివాం. పుల్లల (స్పోకుల) చక్రాలకు కాలం చెల్లిందనీ, అల్లాయ్ చక్రాలు, అంటే అల్యూమినియం పోత చక్రాలు, వేయించుకుంటే ఇక చక్రం సంగతే మరిచిపోవచ్చనీ అందులో ఉంది. మొదటి మాటకు నాకు కోపం రాలేదు. పుల్లలు అల్లి బతికేదాన్నే అయినా, వచ్చే పని ఏటేటా తగ్గుతోందని నా కళ్లతోనే చూస్తున్నాను. రెండో మాట మాత్రం మింగుడుపడలేదు. అలా చక్రం సంగతి మరిచిపోయిన పిల్లవాడు మా ఇంట్లోనే ఎడమ చేతికి గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు. అందుకే ఈ ఉత్తరం.

కలాసిపాళ్యంలో, జేసీ రోడ్డుకు దగ్గరగా ఉండే ఒక సందులో మాది చక్రాల కొట్టు. మా మామగారు కదిరి నుంచి వచ్చి సైకిల్ చక్రాలతో మొదలుపెట్టారు. మా ఆయన కాలానికి అది మోటారు సైకిళ్ల కొట్టయింది. 1998లో పెళ్లయి వచ్చినప్పుడు నేను లెక్కలు రాసేదాన్ని. కొన్నాళ్లకు పుల్లలు లెక్కపెట్టి అందించే పని వచ్చింది, ఆ తర్వాత అల్లడం నేర్చుకున్నాను. ఆయనకు చూపు మందగించినప్పటి నుంచి బెండు తీయడం కూడా నాదే. బండి నడపడం నాకు ఈనాటికీ రాదు. చక్రం మాత్రం తెలుసు.

రోజూ ఆఫీసుకు వెళ్లే 100 సీసీ బండి చక్రాన్నే తీసుకోండి. మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ 36 పుల్లలవి. చక్రం నడుమ ఉండే హబ్బుకు ఒక పక్క 18, రెండో పక్క 18. ఆ పద్దెనిమిదిలో తొమ్మిది లోపలి నుంచి బయటికి, తొమ్మిది బయటి నుంచి లోపలికి దూరతాయి. రెండు రకాలకూ మెడ దగ్గరి వంపు వేరు. తెలియనివాళ్లు కలిపేస్తే చక్రం చూడ్డానికి బాగానే కుదురుతుంది, నెలలోపే ఆ మెడల దగ్గర పుటుక్కుమంటాయి. పుల్లలు హబ్బు నడుమ నుంచి సూటిగా చుట్టూ ఉండే రిమ్ముకు పోవు, ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. ఇంజను తిప్పే బలం, బ్రేకు పట్టే బలం హబ్బు నుంచి రిమ్ముకు అందాలంటే ఆ ఏటవాలు ఉండి తీరాలి. మా పుట్టింట్లో మల్లెలు కట్టేటప్పుడు ఒక మొగ్గ ఇటు, ఒక మొగ్గ అటు పెడుతూ పోయేవాళ్లం. ఈ పని నా చేతికి తొందరగా రావడానికి అదే కారణమని మా అత్తగారు అనేవారు.

చాలామంది పుల్లలు గుంజల్లా నిలబడి బరువు మోస్తాయనుకుంటారు. అంత సన్నటి పుల్లను నిలబెట్టి నొక్కితే ఏమవుతుంది? వంగిపోతుంది. పుల్ల చేసే పని లాగి పట్టుకోవడం. ముప్పై ఆరూ రిమ్మును నలువైపుల నుంచీ హబ్బు వైపు లాగుతూ బిగిసి ఉంటాయి. చక్రం నేలకు ఆనిన చోట కింది పుల్లల బిగువు కాస్త సడలుతుంది, పైకి వెళ్లగానే మళ్లీ వస్తుంది. బండి నడిచినంతసేపూ ప్రతి పుల్లకూ ఇదే పని. బిగువు సరిగ్గా ఉంటే ఏళ్లు గడిచిపోతాయి. ఒకటి వదులైతే దాని పని పక్కవాటి మీద పడుతుంది, అవి అలసిపోయి తెగుతాయి. తెగితే ఎక్కువగా వెనక చక్రంలోనే, అదీ హబ్బు దగ్గర మెడ వంగిన చోటే.

అందుకే చక్రం స్టాండు మీద పెట్టగానే నేను మొదట నిప్పిల్ (పుల్ల కొనను రిమ్ముకు బిగించే చిన్న మర) తిప్పే తాళం తీయను. చిన్న స్పానరుతో పుల్లలను వరసగా తడతాను. బిగువున్నది టింగుమంటుంది, వదులుది టక్కుమని ఊరుకుంటుంది. అన్నీ దాదాపు ఒకే స్వరం పలకాలి. ఆ తర్వాత రిమ్ము పక్కన సూది పెట్టి తిప్పుతాను. పక్కకు ఆడితే ఒక వైపు పుల్లలు పావు చుట్టు బిగించి, రెండో వైపువి పావు చుట్టు వదులు చేయాలి. పైకీ కిందికీ ఎగురుతుంటే రెండు వైపులవీ కలిపి చూసుకోవాలి. ఒకటి సరిచేస్తే రెండోది మళ్లీ వస్తుంది, తొందరపడితే పని చెడుతుంది. చాలా బళ్ల సర్వీసు పుస్తకాల్లో 2 మిల్లీమీటర్ల ఆట దాటకూడదని ఉంటుంది. మా మామగారు అందులో సగానికి తెచ్చేవరకూ లేచేవారు కాదు, నేనూ అంతే. కొత్తగా అల్లిన చక్రాన్ని 500 కిలోమీటర్లు నడిపాక ఒకసారి చూపించమంటాను. పుల్లలు తమ చోట్లలో కుదురుకుని కొంత సడలుతాయి, మళ్లీ బిగించాలి. అందుకు డబ్బు తీసుకోను. అయినా సగం మంది రారు.

ఇక పుల్లల చక్రంలో ఉన్న లోటు. నిప్పిళ్ల కోసం రిమ్ముకు అన్ని బొక్కలు పెడితే అందులో గాలి నిలవదు. అందుకే ట్యూబు కావాలి. ట్యూబుకు, నిప్పిళ్లకు మధ్య రబ్బరు పట్టీ ఒకటి వేస్తారు. దాని అడుగున తుప్పు పట్టినా, పుల్ల కొన పొడుగై పైకి పొడుచుకొచ్చినా ట్యూబుకు చేటే. అల్లడం అయ్యాక ప్రతి కొననూ ఆకురాయితో రాసి, వేలితో తడిమి చూసుకుంటాను. నా చూపుడు వేలి చివర చర్మం ఇప్పటికీ గరుకే. మేకు దిగితే ట్యూబులోని గాలి వాల్వు పక్క నుంచి, నిప్పిళ్ల సందుల్లోంచి ఒక్కసారిగా పోతుంది. వేగంలో ఉంటే బండి తోక ఊపుతుంది. ట్యూబులెస్ టైరులో అదే మేకు గుచ్చుకుంటే మెల్లగా దిగుతుంది, పంచరు కొట్టు దాకా వెళ్లే వ్యవధి ఇస్తుంది. చక్రం విప్పకుండానే బొక్కలో రబ్బరు పురి దూర్చి పంచరు వేసేస్తారు. ఇది చిన్న సంగతి కాదు, ప్రాణాలు కాపాడే సంగతి. పుల్లలు అల్లేదాన్ని కాబట్టి దీన్ని దాచాలనిపించడం లేదు.

అల్లాయ్ అంటే ఏమిటో కూడా తెలిసినంత చెబుతాను. అల్యూమినియంలో సిలికాన్ లాంటివి కలిపి, కరిగించి, అచ్చులో పోసి ఒకే ముక్కగా తీస్తారు. తర్వాత వేడిచేసి, చల్లార్చి దానికి బలం తెస్తారు, టైరు కూర్చునే చోటు లేతు మీద నునుపు చేస్తారు. హబ్బు, చేతులు (పుల్లల బదులు ఉండే మందపాటి కమ్మీలు), రిమ్ము అన్నీ ఒకటే. బొక్కలుండవు కాబట్టి గాలి నిలుస్తుంది. బిగించాల్సింది ఏదీ లేదు, పుల్లల సందుల్లో మట్టి కడుక్కోవాల్సిన పని లేదు. రిమ్ము మీద ‘17 × ఎంటీ 3.50’ అన్నట్టు అంకెలు పోత పోసి ఉంటాయి. మొదటిది చక్రం కొలత, చివరిది రిమ్ము వెడల్పు, రెండూ అంగుళాల్లో. నడుమ ‘ఎంటీ’ అంటే టైరు అంచు జారకుండా లోపల గట్టు ఉన్న ఆకారమని గుర్తు. 2005 ప్రాంతంలో పల్సర్లు అల్లాయ్‌తో రావడం మొదలైనప్పుడు మా సందు పిల్లలంతా వాటి చుట్టూ మూగారు. తేలిక అన్నారు. అన్నిసార్లూ నిజం కాదది. మామూలు బళ్ల పోత చక్రం పుల్లల చక్రానికి సమానంగానో, అంతకన్నా బరువుగానో తూగడం నేను త్రాసులో చూశాను. పందెం బళ్లకు వేసే ఫోర్జింగు చక్రాల (పోత పోయకుండా లోహాన్ని గట్టిగా నొక్కి చేసేవి) సంగతి వేరు, వాటి ధరా వేరే.

అసలు తేడా బరువులో లేదు. దెబ్బ తగిలినప్పుడు ఏది ఎలా మాట్లాడుతుందన్న దాంట్లో ఉంది. పుల్లల చక్రం గుంతలో పడితే ఒక చోట వంగుతుంది, ఆడుతుంది, కిర్రుమంటుంది. హ్యాండిల్ పట్టుకున్నవాడికి తెలిసిపోతుంది. వాడు విసుక్కుంటూ మా దగ్గరికి వస్తాడు. పోత అల్యూమినియం అంతగా సాగదు. చిన్న దెబ్బకు అంచు నొక్కుకుంటుంది, పెద్ద దెబ్బకు చీలుతుంది. ఆ చీలిక వెంట్రుక మందాన ఉన్నప్పుడు చక్రం ఆడదు, చప్పుడు చేయదు, రంగు కింద కనబడదు. చెప్పేది ఒక్కటే గుర్తు, గాలి తగ్గడం.

మా అక్క కొడుక్కి జరిగింది అదే. హోటళ్ల నుంచి ఇళ్లకు భోజనాలు చేరవేసే పని. కేఆర్ పురం వైపు ఉంటాడు. చేతులు మారిన బండి ఒకటి కొన్నాడు. వెనక అల్లాయ్‌కి నల్లటి రంగు కొత్తగా నిగనిగలాడుతోంది. అమ్మినవాడు కంపెనీ చక్రమే అన్నాడట. నెల తిరక్కుండానే రెండు రోజులకోసారి గాలి కొట్టించాల్సి వచ్చింది. పంచరు కొట్టులో టైరంతా వెతికితే మేకు లేదు. జిగురు మందు లోపల పోసి పంపారు. ఫోన్‌లో నాతో అన్నాడు కూడా. “చిన్నమ్మా, గాలి దిగుతోంది, టైరు మార్చాలేమో.” “మార్చు నాయనా, వానాకాలం” అన్నాను. చక్రం తీసుకురమ్మని అనలేదు. ఆ ఒక్క మాట అననందుకు రోజూ బాధపడుతున్నాను.

ఒక రాత్రి వానలో తారు రోడ్డు మీది నుంచి వైట్ టాపింగ్ (పైన కాంక్రీటు పరిచిన) రోడ్డెక్కబోయాడు. ఆ రెండూ కలిసే చోట మెట్టులా అంచు ఉంటుంది, బెంగళూరులో బండి తోలేవాళ్లందరికీ తెలిసిందే. వెనక చక్రం ఆ అంచుకు కొట్టుకుంది. రిమ్ములో జానెడు ముక్క విరిగి, గాలంతా ఒక్కసారి పోయి, బండి పక్కకు పడిపోయింది. హెల్మెట్ ఉంది కాబట్టి తల దక్కింది. ఎడమ భుజం ముందు ఎముక విరిగింది. వెనక వచ్చే ఆటో ఆయన సమయానికి బ్రేకు కొట్టి, దిగి, వీడిని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆయన ఎవరో మాకు తెలియదు. ఈ ఉత్తరం చదివితే మా ఇంటిల్లిపాది నమస్కారాలు ఆయనకు.

మర్నాడు ఆ చక్రం కొట్టుకు తెప్పించాను. విరిగిన చోట రంగు గీకితే కింద గొంగళిపురుగులా ముద్దలు ముద్దలుగా వెల్డింగు వరస. పైన పుట్టీ, దాని మీద రంగు. ఆ చక్రం ఇంతకుముందే ఒకసారి పగిలింది, ఎవరో అతికి అమ్మారు. అంతటితో వదల్లేదు నేను. మిగతా చక్రమంతా రంగు తీసి, కిరసనాయిలు రాసి, కాసేపు ఆగి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లాను. మా మామగారు నేర్పిన పద్ధతి. చీలిక ఉంటే అందులోకి దిగిన కిరసనాయిలు మెల్లగా బయటికి ఊరి సుద్దను తడుపుతుంది. పావుగంట చూస్తూ కూర్చున్నాం. విరిగిన చోటికి చక్రం చేతులు రెండు దాటాక, రిమ్ముకూ చేతికీ అతుకు దగ్గర, తెల్లటి సుద్ద మీద సన్నగా ఒక గీత తేలింది. అంగుళం పొడుగు. ఆ రాత్రి మొదటి చోట విరక్కపోతే ఇంకో రాత్రి అక్కడ విరిగేది.

వెల్డింగు చేసేవాళ్లతో నాకు పగ లేదు. మా పక్క కొట్టే వెల్డింగు కొట్టు. ఆయన సైలెన్సరు అతుకుతాడు, స్టాండు అతుకుతాడు, అల్లాయ్ చక్రం తెస్తే మాత్రం వెనక్కి పంపేస్తాడు. వేడిచేసి చల్లార్చి తెచ్చిన బలం వెల్డింగు వేడికి ఆ చోట పోతుంది. అతుకు గట్టిగానే ఉండొచ్చు, దాని పక్కనున్న లోహం మెత్తబడిపోతుంది. వంగిన అల్లాయ్‌ను సెగ చూపించి జాకీతో నొక్కి సరిచేసే పని కూడా ఊరంతా జరుగుతోంది. పైకి గుండ్రంగానే వస్తుంది. లోపల ఏం జరిగిందో చెప్పగల సాధనం ఆ కొట్లలో ఉండదు. పుల్లల చక్రానికి రిమ్ము పాడైతే రిమ్ము మారుస్తాం, పుల్లలు పాడైతే పుల్లలు మారుస్తాం, హబ్బు అదే ఉంటుంది. పగిలిన అల్లాయ్‌కు మార్పు ఒక్కటే, కొత్త చక్రం. ఆ ఖర్చు చూసే జనం అతుకు వైపు పోతారు. బాధ నాకు తెలుసు. అయినా వద్దు.

స్కూటర్ల గురించి ఒక మాట, మీ వ్యాసంలో అసలు లేదు కాబట్టి. పాత చేతక్ లాంటి బళ్లకు పుల్లలూ ఉండవు, పోతా కాదు. ఉక్కు రేకును అచ్చులో నొక్కి చేసిన రెండు సగాలను నట్లతో కలిపిన 10 అంగుళాల చక్రం. స్టెప్నీ వెంటే ఉంటుంది, ట్యూబు మార్చడం తేలిక. కానీ ఆ రెండు సగాల నట్లు విప్పేముందు గాలి పూర్తిగా తీసేయాలి. గాలి ఉండగా విప్పితే సగం రిమ్ము ఎగిరి ముఖానికి తగులుతుంది. ఆ స్కూటర్లను ముచ్చటపడి మళ్లీ బాగుచేయించుకుంటున్న పిల్లలు ఈ సంగతి తెలియకుండా స్పానరు పట్టుకుంటున్నారు. భయమేస్తుంది.

ఎవరికి ఏ చక్రం అని అడిగేవాళ్లుంటారు. కొండదారుల్లో, మట్టి రోడ్లలో తిరిగేవాళ్లకు, పెద్ద బరువులు మోసేవాళ్లకు నేను పుల్లలే చెబుతాను. రాయి తగిలి వంగినా ఊరి మెకానిక్ సుత్తితో, తాళంతో ఇంటికి చేరేలా చేయగలడు. హిమాలయన్ లాంటి బళ్లకు ముందు 21 అంగుళాల పుల్లల చక్రం పెట్టింది ఊరికే కాదు. పెద్ద చక్రం గుంతలోకి దిగడం తక్కువ, పుల్లలు దెబ్బను కొంత మింగుతాయి. రోజంతా నగరంలో తిరుగుతూ అర్ధరాత్రి ఒంటరిగా ఉండేవాళ్లకు ట్యూబులెస్ అల్లాయ్ మంచిది, అది మంచి అల్లాయ్ అయితే. పుల్లలూ ఉండాలి, ట్యూబూ వద్దు అంటే దానికీ దారి ఉంది. పుల్లలను రిమ్ము నడుమ కాకుండా గాలి నిలిచే చోటికి బయట, అంచుల దగ్గర తగిలిస్తారు. బీఎండబ్ల్యూ వాళ్లు 1980లలోనే జీఎస్ బళ్లకు అలా చేశారు. మన రాయల్ ఎన్‌ఫీల్డ్ 2024లో హిమాలయన్ 450కి ఇచ్చింది. ఒకటి మా కొట్టుకు వచ్చినప్పుడు దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాను. అంచు దగ్గర పుల్ల తలలు వరసగా కూర్చున్న తీరు ఎంత బాగుందో! ధర మాత్రం అందరికీ అందదు. కొందరు కుర్రాళ్లు మామూలు పుల్లల రిమ్ముకే లోపల జిగురు పూసి, టేపు చుట్టి ట్యూబు తీసేస్తున్నారు. ఆ రిమ్ముకు టైరు అంచును పట్టి ఉంచే గట్టు ఉండదు. గాలి తగ్గిన రోజు టైరు లోపలికి జారిపోతుంది. అలా చేయమని నా దగ్గరికి వస్తే చేయను.

మీ పత్రిక చదివే తెలుగువాళ్లు ఈ ఊళ్లో వేలమంది బండి మీద ఆధారపడి బతుకుతున్నారు. అనంతపురం, చిత్తూరు, కడప వైపుల నుంచి వచ్చిన పిల్లలు చేతులు మారిన బళ్లే కొంటారు. వాళ్ల కోసం ఈ నాలుగు మాటలూ వేయండి. బండి కొనేముందు మెయిన్ స్టాండు వేసి రెండు చక్రాలూ చేత్తో తిప్పి చూడాలి. రిమ్ము పక్కన అగ్గిపుల్ల పట్టుకుంటే ఆట కనబడుతుంది. పుల్లలను తట్టి వినాలి. వాల్వు ఒక పక్కకు వాలి ఉంటే గాలి చాలక టైరు రిమ్ము మీద జారిందని అర్థం. అల్లాయ్ అయితే చేతులు రిమ్మును కలిసే చోట, హబ్బును కలిసే చోట వేలితో తడమాలి. బండి పాతది, ఒక్క చక్రం రంగు మాత్రం కొత్తగా ఉంటే ఎందుకని అడగాలి. మేకు లేకుండా గాలి దిగుతుంటే టైరును కాదు, రిమ్మును సబ్బు నురగ రాసి చూడాలి, చీలిక దగ్గర బుడగలు లేస్తాయి. కొత్త చక్రం కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు అడగాలి. ఆటోమొబైల్ రిమ్ములకు ఐఎస్ 16192 అనే భారత ప్రమాణం ఉంది. ఆ గుర్తు చూపించలేని చవక చక్రాలు ఫుట్‌పాత్‌ల మీద వేలాడుతున్నాయి.

అధికారులకు కూడా ఒక విన్నపం. బండి ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు మారేటప్పుడు ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు చూస్తారు. అప్పుడే చక్రాలు కూడా ఒకసారి తిప్పి చూసే ఏర్పాటు ఉంటే బాగుంటుంది. పగిలిన అల్లాయ్‌లను తుక్కు కింద కొనేవాళ్లు వాటిని ముక్కలు చేసి మాత్రమే బయటికి పంపాలన్న నియమం రావాలి. రంపంతో ఒక్క కోత చాలు, ఆ చక్రం మళ్లీ ఏ బండికీ ఎక్కదు.

మా వాడికి కట్టు విప్పడానికి ఇంకా రెండు వారాలు. బండి బాగుచేయించాం. పుల్లల చక్రం అల్లి ఇస్తావా చిన్నమ్మా అని అడిగాడు. ఆలోచించాను. అర్ధరాత్రి దాటి తిరిగే పని వాడిది, ట్యూబు పంచరైతే నెట్టుకుంటూ ఎంత దూరమని వెళ్తాడు? అప్పు చేసి కంపెనీ షోరూమ్ నుంచే కొత్త అల్లాయ్ తెప్పించాను. బేరింగులు నేనే ఎక్కించాను.

విరిగిన చక్రం మాత్రం తుక్కుకు వేయలేదు. కొట్టు ముందు, పుల్లల కట్టలు వేలాడే కొక్కేనికి తగిలించాను. వెల్డింగు వరస కనబడేలా, సుద్ద మీద తేలిన రెండో గీత చుట్టూ ఎర్ర రంగుతో గుండ్రంగా గీశాను. ఈ వారంలో ముగ్గురు ఆగి అది ఏమిటని అడిగారు. అందులో ఒకతను తన వెనక చక్రం విప్పించి చూపించుకుని వెళ్లాడు. ఫొటో కావాలంటే మీ విలేకరిని పంపండి. ఆదివారం మధ్యాహ్నం తప్ప ఎప్పుడు వచ్చినా కొట్టు తెరిచే ఉంటుంది.

ఇట్లు,
చక్రాలు అల్లే మీ పాఠకురాలు,
కలాసిపాళ్యం, బెంగళూరు